జేబులో పాస్టరుగారి ఉత్తరం

సికింద్రాబాద్ స్టేషన్లో ప్రయాణికుల పెట్టెలు దాచే గదిలో నేను గుమాస్తాగా పనిచేశాను. నా కిటికీకి ఎదురుగా గోడ మీద ఒక బోర్డు ఉండేది. జేబుదొంగలున్నారు జాగ్రత్త, కొత్తవాళ్ళు ఇచ్చినవి తినకండి, మీ సామాను మీరే చూసుకోండి అని ఇంగ్లీషులో, ఉర్దూలో, తెలుగులో రాసి ఉండేది. ప్రయాణికుల మీద అంత ప్రేమ. రోజూ ఎనిమిది గంటలు దాన్ని చూస్తూ కూర్చునేవాణ్ణి, చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది. ఆ ఊళ్ళో దిగేవాళ్ళలో ఒక రకం వాళ్ళకు అసలు ప్రమాదం ఎక్కడుందో నాకు తెలుసు. అది ఏ బోర్డు మీదా లేదు. రాయడానికి ఎవరికీ మనసు రాలేదు, నాతో సహా.

నేను మగవాళ్ళను ఇష్టపడే మగవాణ్ణి. ఇప్పుడు దీనికి మర్యాదైన పేర్లు వచ్చాయి, పేపర్లలో రాస్తున్నారు, సంతోషం. మా రోజుల్లో ఉన్న పేర్లన్నీ తిట్లే. అందుకని మాకు మేము ఏ పేరూ పెట్టుకోలేదు. "మనోడు" అనుకునేవాళ్ళం, అంతే.

మనోళ్ళు కలిసే చోటు గడియార స్తంభం చుట్టూ ఉన్న తోట. ఇదేదో చీకట్లో నక్కి చేసే పని అనుకుంటారు జనం. కాదు. ఆఫీసులు వదిలిన తర్వాత, దీపాలు వెలిగించే వేళకు, పిల్లల్ని ఆడించే ఆయాల మధ్య, పల్లీల బండ్ల మధ్య, కంటోన్మెంటు నుంచి సైకిళ్ళ మీద వచ్చే గుమాస్తాల మధ్య, అందరి కళ్ళ ముందే. తోట చుట్టూ నడవాలి. మొదటి చుట్టులో ఎదురైన మనిషి రెండో చుట్టులో మళ్ళీ ఎదురైతే గాలి కోసం వచ్చాడేమో అనుకోవచ్చు. మూడో చుట్టులో కూడా ఎదురై, ఈసారి నడక నెమ్మదించాడంటే మనోడే. అప్పుడు ఒకరు బెంచీ మీద కూర్చోవాలి, రెండోవాడు వచ్చి అగ్గిపెట్టె అడగాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, నాకంటే ముందు నుంచే ఉంది. ఇంట్లో భార్యాబిడ్డలున్న నలభై ఏళ్ళ మనిషి గుండె దడదడలాడుతుంటే మూడో చుట్టు కోసం ఎదురుచూసేవాడు. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. వారం మొత్తం మీద నేను నాలాగా ఉన్న గంట అదొక్కటే.

ఈ విద్యలో మా అందరికీ గురువు ఒక పెద్దాయన. కంటోన్మెంటులో పటాలం బ్యాండులో బాకా ఊది రిటైరై అల్వాల్లో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. మాస్టర్ సాబ్ అని పిలిచేవాళ్ళం. కొత్త మొహం కనిపిస్తే పక్కన కూర్చోబెట్టుకుని జాగ్రత్తలు చెప్పడం ఆయన నియమం. నాకూ చెప్పాడు.

"సూడు బిడ్డా, చేతికి గడియారం పెట్టుకొని రావొద్దు, ఉంగరం పెట్టుకొని రావొద్దు. మొదాల ఇరానీ హోటల్ల చాయ్ తాగాలె, నలుగురున్న కాడ. అర్ధగంట మాట్లాడితే మనిషి ఎసుమంటోడో ఎర్కైతది. ఆ ఆఖరి దీపం దాటి రమ్మంటే పోవద్దు, ఎంత సక్కనోడైనా సరే. ఇగ అన్నిటికంటె పెద్ద ముచ్చట, జేబుల కాయితం ఉండొద్దు. పైసలు పోతే మళ్ళ సంపాయిస్తవ్. నీ పేరు ఒకని చేతికి పోయిందనుకో, ఖతం."

ఇది పోలీస్ యాక్షన్‌కు ముందు చెప్పిన మాట. యాక్షన్ అయిన మరుసటి ఏడాది చలికాలానికి ఊరు మారిపోయింది. మిలిటరీ గవర్నరు పాలన, ఎక్కడ చూసినా ఖాకీ. దాక్కున్న రజాకార్ల కోసం ఒక వెతుకులాట, కమ్యూనిస్టుల కోసం ఇంకో వెతుకులాట. కృష్ణా, గుంటూరు జిల్లాల వైపు నుంచి పాతికేళ్ళవాడు ఒంటరిగా దిగితే చాలు, ఎవరు నువ్వు, ఎవరి తాలూకు అని ఆపేవాళ్ళు. చూపించడానికి కాగితం లేకపోతే ఠాణాకు నడవాల్సిందే. అందుకని గుర్తింపు కాగితం ఒంటి మీదే ఉంచుకోమని ప్రయాణికులకు చెప్పండని మాకు పైనుంచి హుకుం వచ్చింది. పొద్దస్తమానం అదే చెప్పేవాణ్ణి.

ఈ న్యాయం చూడండి. కాగితం లేకపోతే సర్కారు పట్టుకుంటుంది. కాగితం ఉంటే తోటలో దొంగ పట్టుకుంటాడు. మామూలు ప్రయాణికుడికి మొదటి భయం ఒక్కటే. మావాడు పొద్దున ఒక రకంగా, సాయంత్రం ఇంకో రకంగా బతకాలి. ఆ సంగతి రైలు దిగిన కొత్తవాడికి ఎవరు చెప్పాలి?

ఆ దొంగ ఎవరో మాకందరికీ తెలుసు. వాడు పోలీసు కాదు. ఏదో గోదాములో చౌకీదారు పని ఊడిపోయినవాడు. ఖాకీ నిక్కరు, ఇత్తడి బకిల్ ఉన్న బెల్టు, చేతిలో కర్ర ఉంటే చాలు, జనం పక్కకు తప్పుకునే రోజులవి. వాడు దాన్ని కనిపెట్టాడు. వాడికొక తోడు ఉండేవాడు, నున్నగా తల దువ్వుకుని, అందంగా నవ్వేవాడు. ఆ తోడు మా పద్ధతంతా నేర్చుకున్నాడు. మూడు చుట్లూ తిరిగేవాడు, బెంచీ దగ్గరికి వచ్చి అగ్గిపెట్టె అడిగేవాడు, కబుర్లు చెప్పి ఆఖరి దీపం అవతలికి తీసుకుపోయేవాడు. అక్కడ చెట్టు వెనక నుంచి ఖాకీ నిక్కరు వచ్చేది. ఇద్దరిలో నాకు ఆ నవ్వేవాడంటేనే ఎక్కువ అసహ్యం. రెండోవాడు గడియారాలు, ఉంగరాలు దోచాడు. వీడు మా అగ్గిపెట్టెను దోచాడు.

ఊరివాళ్ళ జోలికి వాళ్ళు పెద్దగా వచ్చేవాళ్ళు కాదు. ఊరివాడికి అన్నదమ్ములుంటారు, గల్లీ ఉంటుంది. పొద్దున దిగి సాయంత్రం దాకా పొద్దుపోక తిరిగే పరాయి ఊరివాడే వాళ్ళకు కావాలి. వాడు చెంప తుడుచుకుని రైలెక్కి పోతాడు, మళ్ళీ రాడు. మేము చూస్తూ ఊరుకునేవాళ్ళం. ఠాణాకు పోయి ఏమని చెప్పాలి? చెప్పినవాణ్ణే ముందు లోపల వేసే చట్టం అది. దొంగ కాలు మీద కాలేసుకుని చాయ్ తాగేవాడు, దోపిడీ అయినవాడు తల వంచుకుని పోయేవాడు. ఎనభై దాటిన ఈ వయసులో కూడా అది తలుచుకుంటే నాకు అన్నం సయించదు.

ఒక శుక్రవారం పొద్దున బెజవాడ నుంచి వచ్చిన బండి దిగి ఒక యువకుడు ఇనుప పెట్టెతో నా కిటికీ దగ్గరికి వచ్చాడు. తెల్ల చొక్కా, ప్రయాణంలో నలగకుండా ఎలా కాపాడుకున్నాడో.

"నమస్కారమండీ. ఈ పెట్టె రేపటిదాకా ఇక్కడ ఉంచొచ్చాండీ? మిషన్ బళ్ళో టీచరుగా చేరతాకి వచ్చానండీ. గది రేపిస్తామన్నారు. ఇయ్యాళ సత్రంలో పడుకుంటానండీ."

రిజిస్టరులో రాయడానికి పేరు అడిగాను. నోటితో చెప్పకుండా చొక్కా జేబులోంచి ఒక కాగితం తీసి విప్పి నా ముందు పెట్టాడు. వాళ్ళ ఊరి సంఘం పాస్టరుగారు ఇచ్చిన ఉత్తరం. క్రైస్తవుల్లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయేవాళ్ళు అలాంటిది తెచ్చుకుంటారు. ఫలానావారి కుమారుడు, ఫలానా గ్రామం, బాప్తిస్మం పొందినవాడు, సత్ప్రవర్తన గలవాడు, మీ సంఘంలో చేర్చుకోగలరు అని ఉంటుంది. ఆదివారం ఆరాధనలో కొత్త పాస్టరుగారు దాన్ని అందరి ముందూ చదువుతారు, కొత్తవాడు లేచి నిలబడాలి. బడివాళ్ళకు కూడా ఆ ఉత్తరమే ప్రాణం, అది లేకపోతే ఉద్యోగం లేదు. ఇదంతా ఆయనే చెప్పాడు, కొంచెం గర్వంగా. ఆ కాగితం చూసి పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకున్నాను. ఆ పేరు నాకిప్పటికీ గుర్తుంది, ఇక్కడ రాయను.

రసీదు చింపి ఇచ్చాను. రసీదు మీద పెట్టె నంబరు, రైల్వే ముద్ర, అంతే. దాన్ని మడిచి పట్టుకుని టీచరు కదలకుండా నిలబడ్డాడు.

"సాయంత్రం అలా తిరగతాకి ఎటేపు బాగుంటదండీ? గడియార స్తంభం కాడ తోట ఉందంటగదండీ."

అడిగి నా కళ్ళలోకి చూశాడు. అవసరమైనదానికంటే రెండు క్షణాలు ఎక్కువ చూశాడు. మనోడే. ఆ చూపును గుర్తుపట్టడానికి నాకు మూడు చుట్లు అక్కర్లేదు. బహుశా ఆయన కూడా నన్ను గుర్తుపట్టే అడిగాడు.

ఆ ఉత్తరం పెట్టెలో పెట్టి పొండి అని చెప్పాలి. ఆ ఒక్క మాట. నా పక్కన హెడ్ గుమాస్తా కూర్చుని ఉన్నాడు, టీచరు వెనక నలుగురు సామాన్లతో నిలబడి ఉన్నారు. ఎందుకండీ అని అడిగితే ఏం చెప్పాలి? తోటలో ఏం జరుగుతుందో నీకెట్ల తెలుసు అని హెడ్ గుమాస్తా అడిగితే? నా నోటికి అలవాటైన మాటే బయటికి వచ్చింది.

"పోండి, మంచిగుంటది. జేబుల కాయితం మాత్రం పెట్టుకోండి. పోలీసోళ్ళు అడుగుతరు."

టీచరు ఉత్తరం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, పైనుంచి చేత్తో తట్టుకుని, థాంక్సండీ అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం నేను తోటకు పోయాను. ఆయన్ని కాపాడడానికే పోతున్నానని దారంతా నాకు నేను చెప్పుకున్నాను. పోయేసరికే ఆయన మూడో చుట్టులో ఉన్నాడు. ఎదురుగా వస్తున్నది ఆ నవ్వేవాడు. ఒకరి మూడో చుట్టులో ఇంకొకరు అడ్డం పోకూడదు, అది మా తోట మర్యాద. ఆ మర్యాదను అడ్డం పెట్టుకుని నేను పల్లీల బండి దగ్గర ఆగిపోయాను. దగ్గొచ్చు. పేరు పెట్టి పిలవొచ్చు. మీ పెట్టె తాళం మర్చిపోయారండీ అని అబద్ధమైనా ఆడొచ్చు. పొట్లం కట్టించుకుని నిలబడ్డాను. ఖాకీవాడికి నేను ఎక్కడ పనిచేస్తానో తెలుసు, అదీ నా ధైర్యం.

ఇద్దరూ లేచి ఆఖరి దీపం దాటారు. నిమిషం గడిచిందో లేదో గద్దింపు వినిపించింది.

"ఏయ్! ఏం జేస్తున్నవ్ రా ఈడ? కాయితం ఉన్నదా?"

చెంప మీద కొట్టిన చప్పుడు. ఆ వెంటనే టీచరు గొంతు. ఈ మాట రాయడానికే నేను ఇన్నేళ్ళూ కలం పట్టలేదు. ఆ గొంతులో భయం ఉంది, కానీ దానికంటే ఎక్కువగా అమ్మయ్య అనే ఊరట ఉంది.

"ఉందండీ, ఉందండీ. ఇదిగోండి నా కాయితం."

వాడు వెతకలేదు, లాక్కోలేదు. వాణ్ణి నిజం పోలీసనుకుని, నేను చెప్పినట్టే, టీచరు తన చేత్తో తీసి ఇచ్చాడు.

ఖాకీవాడికి చదువు రాదు. నవ్వేవాడు దాన్ని దీపం దగ్గరికి తెచ్చి గట్టిగా చదివాడు. తండ్రి పేరు, ఊరి పేరు. సత్ప్రవర్తన గలవాడు అన్నచోట ఆగి, పడిపడి నవ్వి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. చేతి గడియారం ఊడదీసుకున్నారు. పెట్టెలో ఉన్నదంతా రేపు పొద్దున పది గంటలకు స్టేషన్ ఎదుటి ఇరానీ హోటలుకు తెచ్చి ఇవ్వాలి, లేకపోతే ఈ ఉత్తరం వెనకాల నువ్వు చేసిన పని రాసి మీ పాస్టరుకే పోస్టు చేస్తాం అన్నారు. టీచరు నా ముందు నుంచే వెళ్ళాడు. పల్లీల పొట్లం పట్టుకుని ఉన్న నన్ను చూశాడు. ఆగలేదు.

మాస్టర్ సాబ్ తోటకు అవతలి వైపు బెంచీ మీద ఉన్నాడు. పోయి అంతా చెప్పాను, పొద్దున నేను ఇచ్చిన సలహాతో సహా. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఇన్నొద్దులసంది ఆళ్ళను ఎవ్వడన్న వాపస్ అడిగిండా?" అన్నాడు.

"లేదు మాస్టర్ సాబ్."

"అయితే రేపు అడిగి సూద్దాం."

శనివారం పొద్దున అల్వాల్ నుంచి మొదటి బస్సులో దిగాడు. పెట్టె అడుగు నుంచి తీసిన పటాలం యూనిఫారం, గంజి పెట్టి ఇస్త్రీ చేసినది, ఛాతీ మీద రెండు పతకాలు, అద్దంలా మెరిసే బూట్లు. డెబ్బై ఏళ్ళ మనిషి, బొజ్జ లోపలికి పీల్చుకుని నడుస్తున్నాడు. ఆయన జన్మలో తుపాకి పేల్చి ఎరగడు. బాకా ఊదినందుకిచ్చిన పతకాలవి. నేను రైల్వే కోటు గుండీలన్నీ పెట్టుకుని వెనక నడిచాను.

ఖాకీవాడు స్టేషన్ ఎదుట ఇరానీ హోటల్లో బిస్కెట్టు చాయ్‌లో ముంచుకుని తింటున్నాడు. మాస్టర్ సాబ్ వాడి బల్ల ముందు నిలబడి, బాకా ఊదిన ఊపిరంతా కూడదీసి "అటెన్షన్!" అని అరిచాడు. వాడు తెలియకుండానే లేచి నిలబడ్డాడు, బిస్కెట్టు గ్లాసులో పడింది.

"ఏ ఠాణా? నంబర్ బోలో!"

వాడు నోరు తెరిచాడు, నంబరు రాలేదు.

"బెల్ట్ తియ్. పోలీసోని వేషం ఏసినందుకు మిలిటరోళ్ళు ఏం జేస్తరో ఎర్కేనా? ఆ కాయితం ఇటియ్, లేకుంటే గిప్పుడే నడువు నాతోని, బొల్లారం మిలిటరీ క్యాంపుకు పోదాం."

వాడు బెల్టు తీసి బల్ల మీద పెట్టాడు. నిక్కరు జారకుండా ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఉత్తరం తీసి ఇచ్చాడు. గడియారం దొరకలేదు, నవ్వేవాడు దాన్ని తీసుకుని అప్పటికే ఎటో పోయాడు. జనం చప్పట్లు కొట్టలేదు, ఎవరి చాయ్ వాళ్ళు తాగారు. బయటికి వచ్చాక మాస్టర్ సాబ్ బొజ్జ వదిలేసి, గోడకు ఆనుకుని ఆయాసపడ్డాడు.

మూడు నిమిషాలు పట్టింది. నాకు సంతోషం కలగాలి, కానీ కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత తేలికా? నాకు తెలిసినంత వరకే ఎంతమంది పరాయి ఊరివాళ్ళు చెంప తుడుచుకుని రైలెక్కారు. మేము పదిమందిమి ఉండీ, ప్రతి సాయంత్రం అక్కడే తిరుగుతూ, ఈ మూడు నిమిషాలు ఏనాడూ ఖర్చు పెట్టలేదు. చట్టాన్ని తిట్టడం సులువు, తిట్టాను, ఇప్పటికీ తిడతాను. కానీ ఆ ఇరానీ హోటల్ గుమ్మం దాటకుండా మమ్మల్ని ఆపింది చట్టం ఒక్కటే కాదు.

స్టేషన్‌కు పరుగెత్తాను. టీచరు అప్పటికే నా కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు, ఒక చేతిలో రసీదు, ఇంకో చేతిలో బెజవాడకు టిక్కెట్టు. చొక్కా అదే, ఇప్పుడు నలిగిపోయింది. హెడ్ గుమాస్తా అవతల ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేను ఉత్తరం తీసి ఆయన ముందు పెట్టాను.

"ఇది మీకెక్కడిదండీ?"

చెప్పాను, గొంతు తగ్గించి, అంతా. "నేను సుత మీ అసుమంటోణ్ణే. ఆ తోటల నేను సుత తిరుగుత. వాడు ఇగ మీ జోలికి రాడు. పోకండి. రేపు ఐతారం, ఈ ఉత్తరం ఇయ్యండి, నౌకరిల చేరండి. ఎవ్వలికి ఎర్కలే."

టీచరు ఉత్తరం ముట్టుకోలేదు. దానివైపు చూస్తూ అన్నాడు.

"ఆడు దాన్ని గట్టిగా చదివాడండీ. మా నాన్నగారి పేరూ అదీ. రెండుసార్లు చదివాడు. రేపు పాస్టరుగారు అవే మాటలు అందరి ముందూ చదూతుంటే నేను నిలబళ్ళేనండీ."

ఉత్తరం ఇంకొంచెం ఆయన వైపు జరిపాను. కాసేపటికి తల ఎత్తాడు.

"మీకు ముందే తెలుసు గదండీ. నిన్న పొద్దున ఇక్కడే చెప్పొచ్చు గదండీ."

గట్టిగా అనలేదు. గట్టిగా అనుంటే బాగుండేది.

పెట్టె తెచ్చి ఇచ్చాను. తీసుకున్నట్టు రిజిస్టరులో సంతకం పెట్టాలి. కలం పట్టుకుని వంగి, నా చేతిరాతలో ఉన్న తన పేరు, తండ్రి పేరు, ఊరు చూసి ఆగిపోయాడు.

"ఇది ఇక్కడే ఉండిపోద్దాండీ?"

"రికార్డు గదికి పోతది. శాన ఏండ్లు ఉంటది."

ఆయన కలం అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నేను సిరాబుడ్డి ఎత్తి ఆ వరస మీద వంచాను. పేరు, ఊరు, నంబరు, పై వరస, కింది వరస, పేజీ మొత్తం నల్లబడింది, బల్ల మీంచి నా కోటు మీదికి కారింది. హెడ్ గుమాస్తా లబోదిబోమన్నాడు. టీచరు ఆ మరకవైపు చూసి, ఉత్తరం తీసుకుని, ఈసారి జేబులో పెట్టుకోలేదు, పెట్టె తాళం తీసి బట్టల అడుగున పెట్టాడు. "వస్తానండీ" అన్నాడు. మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత ఆ కిటికీలో ఉన్నన్నాళ్ళూ, ఒంటరిగా దిగిన ప్రతి మగమనిషికీ ఒక మాట చెప్పాను, పక్కన ఎవరున్నా సరే. పేరున్న కాగితాలన్నీ పెట్టెలో పెట్టండి, ఈ రసీదు ఒక్కటి జేబులో పెట్టుకోండి, దాని మీద రైల్వే ముద్ర ఉంది, పోలీసులు అడిగితే అదే చూపించండి. పోలీసులు దానికి ఒప్పుకునేవాళ్ళు. ముద్ర ఉంటే చాలు, పేరు ఎవరూ వెతకలేదు. ఎందుకంత గట్టిగా చెబుతున్నానో కొందరికి అర్థమయ్యేది, ఒక చూపు చూసి పోయేవాళ్ళు. ఆ శుక్రవారం కూడా ఆ రసీదు టీచరు చేతిలోనే ఉంది. నేనే చింపి ఇచ్చాను.

సిరా ఒలకబోసినందుకు వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. ఉద్యోగం మొత్తం మీద నాకు పడిన మెమో అదొక్కటే, ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. శనివారం తేదీ వేసి, విధి నిర్వహణలో అజాగ్రత్త అని రాశారు. తేదీ ఒక్క రోజు తప్పు.